తెల్ల గీత

ఐర్లాండ్‌లోని కార్లో ఊళ్లో చెక్క బల్లలు చేసి అమ్మే తపానీ ఫిన్లాండ్ మనిషి. ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. కొట్టుకి ఎత్తైన తలుపు తనే పెట్టించుకున్నా, లోపలికొచ్చినప్పుడల్లా తల వంచుతాడు. ఒకప్పుడు ఈ ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడటానికొచ్చి, మోకాలు దెబ్బతిని ఇక్కడే ఉండిపోయాడు. ఏ పలక కొయ్యబోయినా ముందు దానిమీద అరచేత్తో మూడుసార్లు తడతాడు, ఫ్రీ త్రోకి ముందు బంతిని నేలకు కొట్టినట్టు. ఆ ఫ్రీ త్రో వేసేటప్పుడు ఎదురుగా ఉన్న తెల్ల గీత తొక్కితే ఆ బంతి లెక్కలోకి రాదు.

పోయినేడు తను ఆడిన ఆ పాత బాస్కెట్‌బాల్ కోర్టును పడగొడుతుంటే నేల పలకలన్నీ తనే కొన్నాడు. అన్నీ బల్లలై వెళ్లిపోయాయి. ఫ్రీ త్రో గీత ఉన్న పలక ఒక్కటే గోడకు ఆనించి ఉండిపోయింది. నిన్న ఒకావిడ వచ్చి, దాన్నే చెప్పుల అరగా చేసి, ఆ గీత చెరిపేసి ఇమ్మంది.

"అది అమ్మకానికి కాదని చెప్పెయ్యనా సార్?" అంది ఆర్డర్లు రాసుకునే సూర్యప్రభ, ఆవిడకు వినపడకుండా.

"గ్రాండ్. చెక్కే కదా," అని, సరే అనడానికి ఆ ఊరివాళ్లు వాడే మాటే అంటూ చిత్రిక అందుకున్నాడు తపానీ. పలకమీద ఒకసారి తట్టాడు, రెండోసారి తట్టాడు. మూడోసారి చెయ్యి లేవలేదు. కాసేపటికి చిత్రిక చప్పుడు మొదలైంది. తెల్ల రంగు పొట్టుగా లేచి అతని బూట్ల ముందు రాలింది. తపానీ దాన్ని తొక్కకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు.