దుప్పి మెడ మీద నేను చెరిపేసిన గీత

ఫోటో తెచ్చిస్తానని మాటిచ్చాను కాబట్టి మళ్లీ మెదక్ బస్సెక్కాను. నెల కిందట అక్కడి అడవిలో కాపలా పని చేసే మల్లయ్య నన్ను చెరువు గట్టున రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టి, నీళ్లకు వచ్చిన చుక్కల దుప్పిని చూపించాడు. నా కొత్త డిజిటల్ కెమెరాలో అంత మంచి బొమ్మ అంతకు ముందెప్పుడూ పడలేదు. "జెర నాకు సుత ఒకటి కడిగిచ్చి తెండ్రి సారూ" అని ప్రింటు అడిగాడు.

మాది శ్రీకాకుళం వైపు. ఉద్యోగం మాదాపూర్‌లో, కాపురం మెట్టుగూడలో. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా పని, ఆ పనిలో నాకు తిరుగులేదని నా నమ్మకం. ఫోటోనూ అలాగే పట్టాను. నాలుగు సాయంత్రాలు కంప్యూటర్ ముందు కూర్చుని వెలుగు పెంచాను, అంచులు కత్తిరించాను, ఎండుగడ్డికి బంగారు రంగు తెచ్చాను. దుప్పి మెడకు అడ్డంగా సన్నటి గీత కనిపించింది. గడ్డిపరక అనుకుని, పక్కనున్న వెంట్రుకల రంగు తీసి దాని మీద అద్దేశాను. అద్దిన చోటు నాకే కనిపించలేదు. రాంగోపాల్‌పేట్‌లో నూటయాభై పెట్టి పెద్ద ప్రింటు వేయిస్తే స్టూడియో ఆయన కూడా మెచ్చుకున్నాడు.

శనివారం ఉదయం ఐదున్నరకు జూబ్లీ బస్టాండులో బస్సు దొరికింది. ఎనిమిదిన్నరకల్లా మెదక్. బస్టాండు పక్కనే ఇడ్లీ తిని, మల్లయ్య ఊరికి మనిషికి పదిహేను చొప్పున షేర్ ఆటో ఎక్కాను. చేతిలో ప్యాకెట్ ఏమిటని డ్రైవరు అడిగితే సికింద్రాబాద్ నుంచి తెచ్చిన దుప్పి ఫోటో అన్నాను. "దుప్పి కోసం సికింద్రాబాద్ నుంచి వచ్చిండ్రా? మా శేన్లు ఖరాబ్ చేస్తున్నయి అన్నా, ఫోటో ఎందుకు, దాన్నే పట్కపోండ్రి!" అని నవ్వించాడు.

మల్లయ్య ప్రింటును ఎండలోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. పొగడ్త కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"శాన మంచిగున్నది సారూ. గని దీని మెడకు తీగ ఉండాలె గదా?"

"ఏం తీగండీ?"

"ఎవడో ఉచ్చు పెట్టిండు. ఒక ఆడదుప్పి మెడకు తీగతోనే తిరుగుతున్నదని పశువులు కాసెటోళ్లు నెల సంది చెప్తున్నరు. చెవు చిరిగింది దానిది. గిదే గది, చెవు సూడుండ్రి. గా దినం దూరం నుంచి తీగ మనకు కనవడలే."

"గీత ఉండేదండీ. గడ్డిపరక అనుకుని నేనే చెరిపేశాను" అన్నాను.

"మా సారుకు నోటితోని చెప్తే నువ్వు సూసినవా అంటడు. గీ ఫోటో సూపిస్తే ఏం లేదు గదా అంటడు" అన్నాడు మల్లయ్య. సవరించిన ఫోటోను ఇంట్లో అసలు దాని మీదే సేవ్ చేశాను. కానీ బద్ధకం కొద్దీ కెమెరాలోని కార్డు చెరపలేదు. ఆ చిన్న తెర మీద బొమ్మను పెద్దది చేసి చూశాం. మెలితిరిగిన బైకు క్లచ్ వైరు, చర్మంలోకి దిగిపోయి ఉంది. దాని కొస కిందికి వేలాడుతోంది. నాలుగు సాయంత్రాలు నేను చూసింది దీన్నే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మల్లయ్య బండి మీద మెదక్ వెళ్లి ఆ తెరనే అటవీ ఆఫీసరుకు చూపించాం. ఆయన చూసి, వెంటనే మత్తుసూది వేసే డాక్టరు కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. నేను నాలుగు గంటల బస్సుకు తిరిగొచ్చాను.

ఎడిటింగులో నాకు తిరుగులేదని ఇప్పటికీ అంటాను. కాకపోతే చేయి తిరిగినంత మాత్రాన కన్ను తెరుచుకోదు. అడవిని నాకు నచ్చినట్టు శుభ్రం చేయాలనుకున్నాను, అక్కడ బతికేవాటికి ఏం జరుగుతోందో చూడలేదు. మీరూ వెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: అసలు ఫోటోలను ముందు సీడీలో వేరుగా దాచి, ఆ తర్వాతే నకలు మీద చేయి పెట్టండి.

తర్వాతి గురువారం మల్లయ్య ఫోన్ చేశాడు. "దొరికింది సారూ! వైరు కోసి తీసిండ్రు. పుండు మానుతదట. మీ ఫోటో మంచిగనే ఉన్నది గని, గా వైరున్నది ఒకటి కడిగిచ్చి తెండ్రి. ఊర్లె అందరికీ సూపిస్త."

మర్నాడే వేయించాను, ఉన్నది ఉన్నట్టుగా.