థియేటరులో నాయనమ్మ

మా నాన్న నన్ను నర్సు చదువుకు పంపడానికి ఒప్పుకున్నది మంచం మీద పడుకుని. మాట మార్చింది లేచి నడిచాక. ఏరు దాటి తెప్ప తగలెయ్యడం అంటే అదే.

విస్సన్నపేట దగ్గర మాకు మామిడితోట ఉండేది. ఒక వేసవిలో కాయ కోయిస్తూ, కూలీల నిదానం చూడలేక నాన్న తానే చెట్టెక్కి, కొమ్మతో సహా కిందికి దిగాడు. తొడ ఎముక విరిగింది. బండిలో ఒక పూట ప్రయాణం చేస్తే మిషన్ ఆసుపత్రి. అమ్మకు చంటిపిల్లాడు, అందుకని నాన్నకు తోడుగా నేను వెళ్ళాను. కాయల రోజుల్లో ఆ ఎముకల వార్డు నిండా చెట్ల మీంచి పడ్డవాళ్ళే. ఎవరిది ఏ రకం చెట్టు, ఎంత ఎత్తునుంచి అని మాట్లాడుకుంటూ, బంగినపల్లి మీంచి పడ్డవాడు పుల్లకాయ చెట్టు మీంచి పడ్డవాణ్ణి కాస్త చిన్నచూపు చూసేవాడు.

నేను మాత్రం నర్సుల నడక చూస్తూ కూర్చునేదాన్ని. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఎవరో చూస్తున్నారన్నట్టు నడుస్తారు. వీళ్ళు అవతల పనుందన్నట్టు నడిచేవారు. ఆ నడక నాకు కావాలనిపించింది. నాన్నను అడిగాను. కాలికి బరువు కట్టించుకుని కదల్లేని మనిషి, మందు, అన్నం, నీళ్ళు అన్నీ నా చేతి మీదుగా అందుతున్న మనిషి, కాదని ఎలా అంటాడు? సరేనన్నాడు.

ఆ ఆసుపత్రిలోనే నర్సు చదువులో చేరాక తెలిసింది, నడక ఆఖరున వస్తుందని. ముందు నేర్పింది బెడ్‌పాన్‌లు కడగడం, ఆ తర్వాత పక్కలు వెయ్యడం. దుప్పటి మూల మడవడానికి ఒక పద్ధతి ఉంది. అది కాస్త తేడా వచ్చినా, మాకు పాఠాలు చెప్పే సిస్టరమ్మ పక్క మొత్తం పీకి కింద పడేసేది. ఎముకల పేర్లన్నీ ఇంగ్లీషులో. నేను నూజివీడులో థర్డ్ ఫారం వరకే చదివాను. నాన్న విరగ్గొట్టుకున్న ఎముక పేరు ఒక్కటే తేలిగ్గా వచ్చింది. దాంతో మిగతావి కూడా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి విరిగినట్టు ఊహించుకుని బట్టీపట్టాను. మా మేనత్తకు మాత్రం నాలుగైదు విరిచాను.

మొదటిసారి పుండుకు కట్టు విప్పినప్పుడు కళ్ళు తిరిగి పడిపోయాను. పడింది కూడా రోగి మీదే. పాపం ఆయనే లేచి నా మొహాన నీళ్ళు చల్లి, "మొదట్లో ఇట్టాగే ఉంటదమ్మా, అలవాటైపోద్ది" అని ధైర్యం చెప్పాడు. ఆయనది అంతకుముందు నాలాంటి ఇంకో పిల్ల చేతుల్లో పడ్డ అనుభవం.

సెలవుకు ఇంటికి వెళితే ఊళ్ళో ప్రశ్నలు. పెళ్ళికాని పిల్లకు ఆ తెల్లచీరేమిటి, ఎవరెవరినో ముట్టుకోవడమేమిటి అని. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, మా ఊళ్ళో కత్తిపీటలే ఎక్కువ. నాన్న మెల్లగా మెత్తబడ్డాడు. నా వైపు కాదు, ఊరి వైపు.

చదువులో నాకు కష్టపడకుండా వచ్చింది ఒక్కటే, ఆపరేషన్ థియేటరు పాఠం. చేతులు కడుక్కున్నాక మరిగించిన వస్తువును తప్ప దేన్నీ తాకకూడదు. ముక్కు దురదపెట్టినా అంతే, చీర జారినా అంతే. తోటి పిల్లలు ఊరికే మరిచిపోయి చెంప గోక్కుని, మళ్ళీ మొదటినుంచీ కడుక్కునేవారు. నేను ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఎందుకంటే మా నాయనమ్మ కింద ఆవకాయలు పెట్టి వచ్చినదాన్ని. ఆవకాయ పెట్టే రోజు మా వసారాలో జాడీలు ఎండలో కాగి ఉండేవి. కాయ తుడిచిన గుడ్డ వేరు, చెయ్యి తుడిచిన గుడ్డ వేరు. తడి జుట్టుతో గడప తొక్కితే కోడళ్ళయినా సరే, పిల్లలమైనా సరే, "ఆగక్కడ!" అని ఒకే ఒక్క కేక. కారం కలుపుతున్న చేతికి గాజు జారినా పైకి తోసుకోవడానికి వీల్లేదు, ఇంకొకరు వచ్చి తొయ్యాలి. సిస్టరమ్మ ఎంతో గొప్పగా చెబుతున్నవన్నీ నేను ఏడేళ్ళ వయసులో తిట్లతో సహా నేర్చుకున్నవే.

మూడో ఏడు వేసవిలో ఆ నాయనమ్మే ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేసింది. కళ్ళు కనిపించక వేసిందని ఎవరికీ చెప్పలేదు. చేత్తో తడుముకుంటూ నడుస్తుంటే అమ్మ కనిపెట్టింది. రెండు కళ్ళకూ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోమంటే ససేమిరా అంది. నేను సెలవు పెట్టి వెళ్ళి బతిమాలాను. అప్పటికే నాన్న చాట్రాయిలో తోటలున్న వాళ్ళకు నన్ను ఇస్తానని మాట ఇచ్చేశాడు. శ్రావణంలో ముహూర్తం. నా ఆఖరి పరీక్ష ఏడాది చివర.

"నేను ఆ ఆపరేషన్ బల్లెక్కుతా. నువ్వు ఆ చదువు మానుకుని నాతో ఇంటికొచ్చెయ్యి. సరేనా?" అంది నాయనమ్మ. నాన్న నేర్పిన మాటే అది, ఆ తెలివి ఆయనదే.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఎదురుగా కూర్చుని, నా మొహం ఎక్కడుందో తెలియక నా భుజం వైపు చూస్తూ మాట్లాడుతోంది ఆవిడ. నన్ను పెంచిన మనిషి. సరేనన్నాను. 

ఆషాఢంలో, తోటల్లో కాపు అయిపోయాక, నాన్న ఆవిణ్ణి తెచ్చి ఆసుపత్రిలో దించి, కట్లు విప్పే రోజుకు వస్తానని వెళ్ళాడు. మనవరాలు పక్కన లేకపోతే బల్ల ఎక్కనని నాయనమ్మ పట్టుపట్టింది. మా డాక్టరమ్మ మద్రాసు వైపు మనిషి. మంచి చెయ్యి, తక్కువ ఓపిక. "సరే, నువ్వే పనిముట్లు అందించు" అంది నాతో.

కన్ను ఆపరేషన్‌కు మత్తివ్వరు. కంట్లో చుక్కలు వేసి తిమ్మిరెక్కిస్తారంతే. మనిషికి తెలివిగానే ఉంటుంది, అన్నీ వినిపిస్తుంటాయి. మొహం మీద గుడ్డ కప్పి, ముందుగా చెయ్యాల్సిన కన్ను మాత్రం బయటికి ఉంచాం. గుడ్డ కింద నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది.

"ఏమే, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను నాయనమ్మా."

"భయంగా ఉందే. చెయ్యి పట్టుకో."

"పట్టుకోకూడదు. చేతులు కడుక్కున్నాను."

 "అట్టాగా. ఆవకాయ రోజు మల్లేనా?" అంది.

"అచ్చం అట్టాగే."

"అయితే పట్టుకోమాక" అంది.

అనడం అంది గానీ భయం మాట వింటుందా? డాక్టరమ్మ కత్తి అందుకోబోతుండగా, దుప్పటి కింద నుంచి నాయనమ్మ చెయ్యి ఇవతలికి వచ్చి దొరికిన వేళ్ళను పట్టుకోబోయింది. డాక్టరమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తీసుకుని, ఏమీ జరగనట్టు నా వైపు చెయ్యి చాచింది.

"ఆగక్కడ!" అని కేక వినబడింది.

అది నా గొంతే అని తెలియడానికి నాకు క్షణం పట్టింది. థియేటరులో అందరూ బిగుసుకుపోయారు. ఇంకా పరీక్ష రాయని పిల్ల, ఆసుపత్రికి పెద్ద డాక్టరును నిలబెట్టి కేకేసింది. సిస్టరమ్మ ముసుగు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి చాలు.

"తగల్లేదు" అంది డాక్టరమ్మ.

"తగిలిందండీ. మీ చిటికెన వేలికి. నేను చూశాను."

"తగల్లేదంటున్నాను కదా."

 నేను పనిముట్ల పళ్ళెం ఆవిడకు అందించలేదు. పళ్ళెం పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. ఎలాగూ శ్రావణంలో మానెయ్యాల్సిన చదువేగా అన్న మొండితనం ఒకటి లోపల ఉందేమో కూడా.

అప్పుడు గుడ్డ కింద నుంచి నాయనమ్మ తీర్పు చెప్పింది. "తగిలిందమ్మా. తాకిన చెయ్యి నాదే కదా, నాకు తెలవదూ? వెళ్ళి కడుక్కునిరా తల్లీ. నాకేం తొందర లేదు, పడుకునే ఉంటా."

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరమ్మ నన్ను చూసింది, గుడ్డను చూసింది. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ, మోచేతుల దాకా, బ్రష్షుతో రుద్దుకుంది. అంతసేపూ నాయనమ్మ, "గోళ్ళ సందుల్లో కూడా తోముకోమని చెప్పు" అని గుసగుసగా నాకు చెబుతూనే ఉంది. ఆపరేషన్ చక్కగా అయింది.

బయటికి వచ్చాక డాక్టరమ్మ ముసుగు తీసి, "మీ ఇంట్లో ఇలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది. నేను ఏడుపు ఆపుకుంటున్నాను. "పరీక్ష అయ్యాక థియేటరుకు నువ్వు కావాలి. ఇంకెక్కడా ఒప్పుకోకు" అని వెళ్ళిపోయింది. నా ఏడుపు ఆగలేదు సరికదా, ఎక్కువైంది. ఎందుకని ఎవరికి చెప్పను?

ఆ తర్వాత, చేసింది ఒక కంటికే అయినా, నాయనమ్మ రెండు కళ్ళకూ కట్లతో, తలకు అటూ ఇటూ ఇసుక సంచులతో, కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. జావ నేనే తాగించాలి, బెడ్‌పాన్ నేనే పెట్టాలి. మొదటిసారి పెట్టినప్పుడు, "నీ చేత ఈ పనా తల్లీ" అని ఆవిడ ఏడవబోయింది.

"ఏడవమాక. ఏడిస్తే కన్ను పాడవుతుంది."

"ఏడవను కూడా ఏడవనివ్వరేంటే మీ ఆసుపత్రిలో!" అని తిట్టింది. తిట్టిందంటే బాగానే ఉన్నట్టు.

కళ్ళు మూసినా చెవులు మూయలేదు కదా. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వార్డంతా వింటూ పడుకునేది. ఒకరోజు పక్క మంచం ముసలమ్మను చూడడానికి ఆవిడ కొడుకు వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో పెద్ద రైతు, మనిషి గుమ్మమంత ఉన్నాడు, నోట్లో చుట్ట. "చుట్ట బయట పారేసి, కాళ్ళు కడుక్కుని రండి" అన్నాను. నాకు అది రోజూ అనే మాటే. అలాగేనమ్మా అని ఆయన వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చాడు.

"ఎవరే ఆయన?" అని అడిగింది నాయనమ్మ తర్వాత. చెప్పాను.

"ఎంత పొలం?"

అదీ చెప్పాను.  ఆ పూట నాయనమ్మ జావ వంక పెట్టకుండా తాగింది.

కట్లు విప్పారు. అద్దాలు వచ్చేదాకా అన్నీ మసకే గానీ, మనిషిని మనిషిగా పోల్చుకోగలిగింది. నన్ను దగ్గరికి రమ్మని మొహం తడిమి, "ఇంత చిక్కిపోయావేంటే" అంది. అదే రోజు నాన్న బండితో వచ్చాడు. నేను అప్పటికే పెట్టె సర్దుకున్నాను. మాటంటే మాటే. నేను బళ్ళో పెట్టె పెట్టబోతుంటే నాయనమ్మ ఆసుపత్రి అరుగు మీద కూర్చుని, "ఆ పెట్టె ఎవరిదిరా?" అని నాన్నను అడిగింది.

"పిల్లదేనమ్మా."

"దింపు."

"అదేంటమ్మా! చాట్రాయి వాళ్ళకి మాటిచ్చాను."

"ఇచ్చింది నువ్వు. వెళ్ళి నువ్వే వెనక్కి తీసుకో."

"నువ్వేగా రమ్మన్నావు దాన్ని! బల్లెక్కడానికి అదేగా నీ షరతు!"

"అప్పుడు నాకు కళ్ళు కనపడలా" అంది నాయనమ్మ.

నాన్నకు కోపం వచ్చింది. ఊరు ఏమంటుంది, వయసు ఏమవుతుంది, మగదిక్కు లేకుండా ఎన్నాళ్ళుంటుంది, అన్నీ ఏకరువు పెట్టాడు. నాయనమ్మ అన్నీ విన్నది. నేను పెట్టె గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కొడుకు ఉన్న వైపుకు మొహం తిప్పింది.

"ఇది ఒక్క కేకేస్తే అంత పెద్ద డాక్టరమ్మ వెళ్ళి చేతులు కడుక్కునొచ్చిందిరా. చుట్ట పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మని మీ నాన్నకి నేను జీవితమంతా మొత్తుకున్నాను. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు విన్నాడా? దీన్ని తీసుకుపోయి ఎవరింట్లో పెడదామనిరా?"

 నాన్న వచ్చి నా చేతిలోంచి పెట్టె అందుకుని, మా నర్సుల హాస్టలు వైపు నడిచాడు.