సర్వే రాయికి సాగనంపు

తిరుపాలమ్మది మంచి నోరు కాదని మా ఊళ్లో అందరూ అంటారు. నిజమే. ఆ నోరే లేకపోతే గూడ్సు లైను ఇప్పటికీ మా ఊరి మధ్యే ఉండేది. ఆ మాట మాత్రం ఒక్కరూ అనరు!

రాయదుర్గం దగ్గర మా ఊరిని ఆ లైను రెండు ముక్కలు చేసింది. ఇటు ఇళ్లు, అటు బడి, బోరింగు. ఇనుపరాయి మోసే గూడ్సు వచ్చి మధ్యలో ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో దేవుడికెరుక. ఆడవాళ్లు బిందెలు ముందుకు తోసి, వెనక తాము పెట్టెల కింద దూరేవాళ్లు. తిరుపాలమ్మ కొడుకు గిరి అలా దూరినప్పుడే బండి కదిలింది. మోకాలి దాకా కాలు పోయింది.

ఆమె ఏడ్చింది, తిట్టింది, తర్వాత కొంగు బిగించి అనంతపురం బస్సెక్కింది. "లైను ఊరిబయటికి మార్చండి సామీ. నా మనవరాలు సరళ రోజూ దాని కిందే దూరి బడికి పోతాండాది. కొడుకు కాలు పోయినాది చాలు" అని కనబడిన ప్రతి ఆఫీసరుకూ చెప్పింది. నాలుగేళ్లు తిరిగాక, 2003లో సర్వే వాళ్లు వచ్చి ఊరికి పడమర, శెనక్కాయ చేలలో కొత్త లైనుకు రాళ్లు పాతారు.

చేలవాళ్లకు పరిహారం మీద నమ్మకం లేదు. రాళ్లు పాతడం, తెల్లారేసరికి మాయం కావడం! ఇంకోసారి పోతే మళ్లీ రామని సర్వేయరు చెప్పేశాడు. ఆ పూటే తిరుపాలమ్మ రామప్ప చేలో ఉన్న రాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, టెంకాయ కొట్టింది.

"అమ్మవారు వెలిసినాదప్పో! ఈ రాళ్లు ముట్టుకుంటే కండ్లు పోతాయి!" అని ఊరంతా అరిచింది.

అంతే, ఒక్క రాయి కదిలితే ఒట్టు. అంతకుముందు రాళ్లు పీకిన రామప్పే మంగళవారం మంగళవారం అక్కడ పొంగళ్లు పెట్టించాడు.

రెండేళ్లకు పరిహారం అందింది, పని మొదలైంది. మట్టికట్ట చకచకా వచ్చి రామప్ప చేను దగ్గర ఆగిపోయింది. కుంకుమ చూసి జేసీబీ డ్రైవరు దిగేశాడు. "అమ్మవారిని కదిలిస్తే ఊరు వల్లకాడైతాది" అని రామప్ప అడ్డం కూర్చున్నాడు. ఇట్లాగే ఉంటే యంత్రాలు వేరే పనికి పోతాయన్నాడు కంట్రాక్టరు.

తిరుపాలమ్మ పరుగున వచ్చింది. "అమ్మవారూ లేదు, గిమ్మవారూ లేదు! నేనే పసుపు పూసినా. ఇది ఉత్త సర్వే రాయి!"

జనం లెంపలు వేసుకున్నారు. "అమ్మవారే ఆమె నోట అట్లా పలికిస్తాండాది" అన్నాడు రామప్ప. తాను తవ్విన గోతిలో తానే పడటమంటే ఇదే.

ఆమె గడ్డపార అందుకుంది కానీ చేయి ఆడలేదు. సరళకు జ్వరమొస్తే తానూ ఆ రాయికే మొక్కుకుంది మరి! "భయమైతాందిరా గిరీ" అంది. ఆ నోట ఆ మాట మేమెన్నడూ వినలేదు.

గిరి చంకకర్ర పక్కన పెట్టి, రాయి ముందు కూలబడ్డాడు. "అమ్మా, అమ్మవారు నన్నేమీ చేయలేదు. చేసింది గూడ్సు. ఇట్లియ్యి గడ్డపార."

తిరుపాలమ్మ కండ్లు తుడుచుకుని రామప్ప వైపు తిరిగింది. "జాతరైనాక అమ్మవారిని పొలిమేరకు సాగనంపమా? నువ్వు అడ్డం పడతావా?"

సాగనంపుడుకు అడ్డమెవరు పడతారు? రామప్పే తప్పెట తెప్పించాడు. గిరి తవ్వి తీసిన రాయికి ఒడిబియ్యం పెట్టి, గంపలో తలకెత్తుకుని తిరుపాలమ్మ ముందు నడిచింది. పొలిమేరలో దించి, అందరూ వినేటట్టే చెప్పింది.

"తల్లీ, నిన్ను అబద్ధమాడి పిలిచినా. అయినా వచ్చి మా రాళ్లు కాపాడినావు. కోపముంటే నా మీద చూపించు. పిల్లల జోలికి పోవద్దు."

వెనక్కి చూడకుండా చేనికి వచ్చింది. డ్రైవరు ఇంకా కిందే నిలబడి ఉన్నాడు. "ఏమప్పా, ఇంకా చూస్తాండావే? ఎక్కు! పిల్లోళ్లు బడికి పోవల్ల!"

జేసీబీ కదిలింది.