మూతి మూసిన కొమ్ము

సాంబ్రాణిలో ఇంత గుగ్గిలం కలిసిందంటే మా ఇంట్లో అందరికీ దేవుడు గుర్తొస్తాడు. నాకు మాత్రం జనగామలో మా బాపు కొలిమి, దాని ముందు చెమటతో తడిసిన ఆయన వీపు గుర్తొస్తాయి.

బాపు జాతరలో ఊదే ఇత్తడి కొమ్ములు చేసేవాడు. రేకును గొట్టంగా చుట్టి, అతుకు పెట్టి, కరిగించిన గుగ్గిలం లోపల పోసి, అది గట్టిపడ్డాక చెక్క అచ్చు మీద మెల్లగా కొడుతూ వంచేవాడు. ఉత్త గొట్టాన్ని వంచితే చొట్టపడి గొంతు పోతుంది. మళ్లీ సెగ చూపిస్తే నల్లటి జిగురంతా కారిపోయేది. ఆ కొమ్మును చింతపండుతో తోమి, వేళ్లకంటిన పులుపు నాకుతూ నేనూ తమ్ముడూ కూర్చునేవాళ్లం. అయితే ఎంత బాగా కుదిరినా బాపు కొమ్మును నోట పెట్టేవాడు కాదు. మొదటి ఊపిరి ఊదేవాడిదేనట. చలి ఇంకా వదలని రోజుల్లో కాటారం వైపు నుంచి జాతరలో కొమ్మూదే రామన్న ఎండిన ఇప్పపూల మూటతో దిగేవాడు. ఆయన ఊదుతుంటే బాపు కళ్లు మూసుకుని విని, ఆయన పెదవికి సరిపడేదాకా మూతిని అరగదీసేవాడు.

"నాకూ నేర్పు బాపూ" అన్నానొకసారి.

"ఆడపిల్లవు, రేపు ఇంకో ఇంటికి పోతవ్. పని ఇంట్లనే ఉండాలె. తమ్మునికి నేర్పుత."

"వాడు సుత్తె దిక్కే సూడడు గదా!"

రామన్న పకపకా నవ్వాడు. "నీ బిడ్డకు కొమ్మెందుకన్నా? ఆ నోరే సాలు, మా ఊరిదాంక ఇనొస్తది."

నన్ను కాలేజీకి పంపారు. పని తమ్ముడికి మిగిలింది.

బాపు పోయి చాలా ఏళ్లయింది. మొన్న నేను తమ్ముడి కొట్లో ఉండగా రామన్న కొడుకు పగిలిన కొమ్ము పట్టుకొచ్చాడు.

"పగులు మూస్తనన్నా, గని మోగుతదని మాటియ్యలేను" అన్నాడు తమ్ముడు. "మూతి కుదుర్సుడు బాపు సూపిండు, నేనే పట్టించుకోలే. కొత్తది తీస్కపో."

"గిది మోగుతదా?"

"గోడకు పెట్టుకునేదే అన్నా."

అతను పగిలినదాన్నే తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాడు. కొత్త కొమ్ములకు వంపుంది, మెరుపుంది. కొక్కెం తగిలించడానికి మూతిని బిళ్లతో మూసేస్తారు. కళ బతికిందని ఉపన్యాసాలిచ్చేవాళ్లను ఒక్కసారి దాన్ని ఊదమనండి! ఆ కొట్లో గుగ్గిలం వాసన కూడా లేదు.

బాపు కోరినట్టే పని ఇంట్లోనే ఉంది, గోడవారన, వరసగా. ఒకటి తీసి నోట పెట్టాను. ఎంత గట్టిగా ఊదినా నా ఊపిరి తిరిగొచ్చి నా మొహానికే కొట్టింది.