తీగ తెగిన కచేరీ

లాక్‌డౌన్‌లో సూరత్‌లోని మా మరమగ్గాలు ఆగిపోయాయి. అక్కడి డిండోలి పేటలో ఇంట్లో ఊరికే కూర్చోలేక పాత గిటార్ ఒకటి సంపాదించి, ‘కొత్తవాళ్లకు తేలికైన పాటలు’ అనే వీడియో చూసి సాధన చేశాను.

నెలకల్లా ఒక పాట వచ్చేసిందనుకుని, ఓ సాయంత్రం బాల్కనీలో కచేరీ పెట్టాను. ఎదురు బాల్కనీల్లో అందరూ తెలంగాణ నుంచి వచ్చిన మా నేతవాళ్లే. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు.

రెండో చరణంలో నైలాన్ తీగ పుటుక్కున తెగింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ నా చేతులు మగ్గం మీద తెగిన పోగుకు వేసినట్టే, క్షణంలో ముడి వేసేశాయి. చప్పట్లు మారుమోగాయి!

ఉత్సాహంగా పాట మళ్లీ అందుకోబోయాను. ఎదురింటి మల్లేశం కాక చెయ్యెత్తి ఆపాడు.

"ఇగ పాటొద్దు బిడ్డా, జర ఇంకో తీగ తెంపు!"

తేలికైన పాటలన్నారే గానీ, వినేవాళ్లకు తేలికని ఆ వీడియోలో ఎక్కడా చెప్పలేదు.