మెల్లగ ప్రార్థన చేయరాక

మాది కోరుట్ల. నేను చదివింది మూడో తరగతే, తప్పులుంటె దిద్దుకోండ్రి. పోయినేడు నా బిడ్డ రూతుకు గర్భసంచి ఆపరేషనని జగిత్యాల దవాఖానకు తీసుకపోయిన.

స్ట్రెచర్ మీద పండుకోబెట్టంగనే రూతు కండ్లనీళ్లు పెట్టుకున్నది. “ఇద్దరు పిల్లల తల్లివి, ఏడ్వనీకి సిగ్గు లేదా?” అని కసిరిన. కని దానికంటె నాకే ఎక్కువ భయమైతున్నది. పక్కన పరదా ఉంటె దాని వెనుకకు పోయి మోకరించిన.

మా ప్రార్థన కూటంల అందరం ఒక్కసారే గట్టిగ ప్రార్థన చేస్తం. నాకు మెల్లగ చేసుడు రానే రాదు. “ప్రభువా, బీడీలు చేసి పిల్లల్ని సాదిన బిడ్డ. అసొంటి బిడ్డ ఎవ్వరికుంటది? నేను ఒక్కనాడు మెచ్చుకోలే, తిట్టుడే తిట్టిన. దాన్ని నీ చేతులల్ల పెడుతున్న, నువ్వే చూసుకో తండ్రీ” అని ఏడ్చుకుంట మొరపెట్టిన.

ఆమెన్ అని లేచి పరదా తీస్తె అందరు నన్నే చూస్తున్నరు. నర్సమ్మ కండ్లు తుడుచుకుంటున్నది. రూతేమో నవ్వుతున్నది.

“అమ్మా, గీ మాట నాకు చెప్పొద్దానే?”

“దేవునితోని మాట్లాడుతుంటె నువ్వెందుకు విన్నవే?” అని మళ్ల కసిరిన.

అది నవ్వుకుంటనే లోపలికి పోయింది. తలుపు మూసిండ్రు. ఆయన చేతికిచ్చినంక ఇంక భయమెందుకని, ఇంటినుంచి తెచ్చుకున్న సద్ది విప్పి నిమ్మళంగ తిన్న.

రూతు మంచిగైంది. దేవుడు నా మొర విన్నడు. బిడ్డ సుత విన్నదని ఇప్పటికీ సిగ్గే. నేను తిట్టబోతె చాలు, “అమ్మా, జర ప్రార్థన చెయ్యి, వింట” అంటది.