గాలిబుడ్డి సిపాయిలూ, మా బావా

ఆ వీడియో గేములో శత్రువులు వేరే గ్రహం సిపాయిలు. మన గాలి వాళ్ళకి విషం. అందుకని ఒక్కొక్కడి వీపుకీ ఒక గాలిబుడ్డి, మూతికి తొడుగు, మధ్యన గొట్టం. మనిషి మోకాలెత్తు, బుడ్డి తాటిచెట్టంత. వాడు పరిగెడుతుంటే ఎవరు ఎవర్ని మోస్తున్నారో బ్రహ్మకైనా తెలీదు. ఆ బుడ్డికి గురిచూసి ఒక్కటి పేల్చామా, తారాజువ్వలా లేచి నౌపడ ఉప్పుమళ్ళు దాటి సముద్రంలో పడతాడు.

మా బావ మాత్రం బుడ్డిని కొట్టనివ్వడు.

"కాలికి కొట్టరా. గాలి జోలికెల్లకు."

బావ అంటే మా అప్ప మొగుడు. టెక్కలి వైపు క్వారీల్లో జుట్టు నెరిసేదాకా రాయి కోశాడు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మెషీను, ముక్కులో గొట్టం. ఆ మెషీను మోతకి పక్కింటి గేదె పాలు ఎగ్గొడుతోందని వీధిలో అభియోగం. బావ కొడుకు హాస్టలుకి పోతూ వదిలేసిన గేముతో మధ్యాహ్నాలు ఇద్దరం యుద్ధం చేసేవాళ్ళం. బుడ్డి ముట్టుకోని యుద్ధం కాబట్టి రోజూ మాదే ఓటమి.

"ఒరే, ఈ బుడ్డి కాళీ అయిపోతే ఎక్కడ నింపుతార్రా?" అనడిగాడోసారి.

ఆట మొత్తం గాలించాం. కోటలున్నాయి, ఫిరంగులున్నాయి. గాలి నింపే కొట్టు ఒక్కటీ లేదు. ఆ పూట బావ అన్నం సరిగా తినలేదు.

బయటికెళ్ళేటప్పుడు తగిలించుకోమని డాక్టరు చిన్న సిలిండరు, సంచీ ఇప్పించాడు. బావ దాన్ని ముట్టలేదు. ఆయనకున్నది ఒకటే కోరిక: సెంటర్లో టీకొట్టు, పొద్దున్నే క్వారీకెళ్ళే పాత జట్టు.

"సూడు బావా, ఈడు బుడ్డి తగిలించుకొని గ్రహమే దాటొచ్చినాడు. నువ్వు సెంటరుకి ఎల్లలేవా?"

"ఈడికేటిరా సిగ్గు? ఈడి ఊళ్ళో అందరికీ ఉన్నాది బుడ్డి."

వారం సతాయించాక సంచీ భుజాన తగిలించుకుని లేచాడు. కొట్టు దగ్గర జట్టంతా గోల.

"ఓలమ్మో, బావ సెంద్రమండలం నుంచి దిగిపోనాడర్రా!"

"గేసుబండ మాకూ ఒకటియ్యి బావా!"

బావ నవ్వాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేను చాలాకాలానికి చూశాను. అంతలో ఒకడు సంచీ మీది నిప్పుబొమ్మ చూశాడు, అడ్డంగా ఎర్రగీత కొట్టి ఉంది.

"ఇది నిప్పు కాడ పెట్టకూడదంటర్రా."

బీడీలన్నీ చెప్పుల కింద నలిగాయి. కొట్టువాడు మరుగుతున్న టీ కింద పొయ్యి ఆర్పేశాడు. ఒక్కడైనా విసుక్కుంటే బాగుణ్ణు. బల్లంతా బావకి వదిలేసి దూరంగా నిలబడి, పనికి తీసుకెళ్ళే బండి కోసం రోడ్డు వైపు చూస్తున్నారు, చేతుల్లో ఖాళీ గ్లాసులతో.

"టీ ఇంటికి పంపుతాన్లే మావా," అన్నాడు కొట్టువాడు, మెల్లిగా.

"పదరా," అన్నాడు బావ.

నాలుగడుగులు వేశామో లేదో, వెనకాల పొయ్యి భుస్సున అంటుకుంది. ఎవడో నవ్వాడు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. బావ తిరిగి చూడలేదు. ఆగి, దమ్ము తీసుకున్నాడు.

"మరగనీ. ఆళ్ళకి డూటీ టైమయిపోతన్నాది."

మర్నాడు సంచీ అటకెక్కింది. కొట్టువాడు మాట తప్పలేదు, పొద్దున్నే ఫ్లాస్కు వస్తుంది. అప్ప గ్లాసులో పోసి మంచం పక్కన పెడుతుంది. మీగడ కట్టాక తీసి పారబోస్తుంది.